నొక్కేది మేము, వివరాలు వాళ్లవి: కేంద్ర ఐటీ మంత్రికి బహిరంగ లేఖ

కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను కర్నూలు జిల్లా ఆదోనిలో నెట్ సెంటర్ నడుపుతున్నాను. ఉద్యోగాల దరఖాస్తులు, హాల్ టికెట్లు, రైలు టికెట్లు మా పని. వచ్చేవాళ్లలో చాలామంది మౌస్ ముట్టుకోరు. పక్కన నిలబడి ఆధార్ కార్డు ఇస్తారు, ఓటీపీ చదివి చెప్తారు. కుకీలకు, అంటే మనల్ని గుర్తుపెట్టుకోవడానికి సైట్లు బ్రౌజర్‌లో దాచే చిన్న ఫైళ్లకు, 'యాక్సెప్ట్ ఆల్' (అన్నీ ఒప్పుకుంటున్నా) అంటూ బాక్సు వస్తే నొక్కేది మేమే. వెనక జనం నిలబడి ఉంటే అదంతా చదివే ఓపిక ఎవరికుంటుంది?

2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా, విషయం తెలిసి ఇచ్చినదై ఉండాలి. మా సెంటర్లో ఆ సమ్మతి ఎవరిదండీ? పక్కన నిలబడ్డ పత్తి రైతుదా, నాదా? సమ్మతి అడిగేటప్పుడు ఇచ్చే నోటీసును ఇంగ్లీషులోనో, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా చదువుకునే వీలుండాలని కూడా చట్టంలో ఉంది. తెలుగుతో పాటు మా ఊళ్లో వినబడే కన్నడ, ఉర్దూ అందులో ఉన్నాయి. సంతోషం. కానీ 2025 నవంబరులో నిబంధనలు నోటిఫై అయినా, కంపెనీలు పాటించాల్సిన అసలు భాగం 2027 మే దాకా అమల్లోకి రాదు.

ఇంకో చిక్కు. కుకీ గుర్తుపట్టేది మనిషిని కాదు, బ్రౌజర్‌ని. పొద్దున ఒకరు అప్పు కోసమో, జబ్బు గురించో వెతికితే, సాయంత్రం అదే సిస్టమ్ ముందు కూర్చున్నవాళ్లకు ఆ ప్రకటనలు కనబడతాయి. అందరూ ఎరిగిన ఊళ్లో అదెంత టెన్షనో చూడండి. అందుకే కుకీలు చెరిపేస్తుంటాం. చెరిపితే, 'వద్దు' అని చెప్పిన సంగతి గుర్తుపెట్టుకున్న కుకీ కూడా పోతుంది. మళ్లీ అదే బాక్సు!

చట్టంలో కుకీ అన్న మాటే లేదు. సమ్మతి ఇచ్చినంత సులభంగా వెనక్కి తీసుకునే వీలుండాలని మాత్రం ఉంది. మరి మొదటే వద్దనడం? సరే అనడానికి ఒక్క క్లిక్కు, వద్దనడానికి నాలుగైదు పెడితే అడిగేదెవరు? ఫ్రాన్స్‌లో సరిగ్గా ఈ కారణంతోనే సీఎన్ఐఎల్ అనే అక్కడి సమాచార రక్షణ సంస్థ గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు జరిమానా వేసినట్టు 2022 జనవరిలో ప్రకటించింది.

'సరే' పక్కనే, అదే సైజులో 'వద్దు' ఉండాలని స్పష్టంగా రాయించండి. ప్రభుత్వ సైట్లు 2027 దాకా ఆగకుండా ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. ఇతరుల తరఫున ఫారాలు నింపే మాలాంటివాళ్లు సమ్మతి ఎలా అడగాలో మార్గదర్శకాలు ఇవ్వండి. తెలుగులో ఒక్క పేజీ చాలు, ప్రింటు తీసి కౌంటర్ దగ్గర అతికిస్తాను.

ఇట్లు,
ఒక నెట్ సెంటర్ యజమాని, ఆదోని