మూలనపడ్డ కంప్యూటర్లు, పిల్లల చేతులు: 2025-26 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారాలు.

2025-26 సంవత్సరంలో మన అపార్ట్‌మెంటు నివాసుల సంక్షేమ సంఘం చేపట్టిన పనుల నివేదికను సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. నీటి ట్యాంకర్లు, లిఫ్టు మరమ్మతు, సెల్లారు పార్కింగు, సీసీ కెమెరాల వివరాలను, జమాఖర్చుల పట్టికను కోశాధికారి గారు ఇప్పటికే విడిగా అందజేశారు కనుక వాటిని ఇక్కడ మళ్లీ ప్రస్తావించడం లేదు. ఈ నివేదిక గత ఏడాది కొత్తగా మొదలుపెట్టిన ఒకే ఒక కార్యక్రమానికి, అంటే ఇళ్లలో మూలనపడ్డ కంప్యూటర్లను ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌తో (లోపలి రాతను ఎవరైనా చూసి మార్చుకోగలిగే సాఫ్ట్‌వేర్‌తో) మళ్లీ పనిలోకి తెచ్చి పిల్లల చేతికి ఇచ్చిన పనికి పరిమితం. దీని మీద సభ్యులు అడిగినన్ని ప్రశ్నలు లిఫ్టు మీద కూడా అడగలేదు కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ఆలోచన పుట్టింది పిల్లల కోసం కాదని మొదటే ఒప్పుకోవాలి. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో భద్రతా అప్‌డేట్లు ఆగిపోతాయని, ఏడాది పొడిగింపు మార్గం ఉన్నా అది తాత్కాలికమేనని తెలిసిన తరువాత, మన సభ్యుల ఇళ్లలోని పాత డెస్క్‌టాప్‌లనూ ల్యాప్‌టాప్‌లనూ ఏం చేయాలన్న చర్చ మే నెల కార్యవర్గ సమావేశంలో వచ్చింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, ఇంటెల్‌లోనైతే ఎనిమిదో తరం లేదా ఆ తరువాతి ప్రాసెసరు ఉండాలి. మన దగ్గర చాలావాటికి ఈ రెండూ లేవు. పాత సామాను వాళ్లకు కిలోల లెక్కన వేసేద్దామన్న ప్రతిపాదన మీద ఓటింగు దాకా వెళ్లబోతుండగా, బి బ్లాకులోని ఒక సభ్యురాలు, "ఫోను చేతిలోంచి లాక్కుంటే ఏడ్చే పిల్లలున్న ఇళ్లలో ఈ పెట్టెలను ఎందుకు పారేయాలి?" అని అడిగారు. కార్యక్రమం అక్కడ మొదలైంది.

ఏ సాఫ్ట్‌వేర్ వేయాలన్న దానిపై పెద్దగా వాదన జరగలేదు. విండోస్‌కు బదులుగా పనిచేసే లినక్స్ మింట్ అనే వ్యవస్థలో తేలికైన ఎక్స్ఎఫ్‌సీఈ రకాన్ని ఎంచుకున్నాం. 2 జీబీ ర్యామ్ ఉన్నా అది నడుస్తుంది, 4 జీబీ ఉంటే సుఖంగా నడుస్తుంది, దాని 22వ వరుసకు 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, మనమంతా సీటీసీ అని పిలిచే చోట, వాడిన ర్యామ్ పట్టీలు, హార్డ్ డిస్కుకు బదులు వాడే వేగమైన చిన్న ఎస్ఎస్‌డీలు కొన్ని కొన్నాం. పాత హార్డ్ డిస్కు తీసి ఎస్ఎస్‌డీ పెడితే వచ్చే తేడా కొత్త ప్రాసెసరు వేస్తే వచ్చే తేడా కంటే ఎక్కువగా కంటికి కనబడుతుందని మాకు తెలిసింది ఈ పనిలోనే. పెన్‌డ్రైవ్ నుంచి కంప్యూటరును లేపడానికి ఒక దానిలో ఎఫ్12, ఇంకోదానిలో ఎఫ్9, మరోదానిలో ఎస్కేప్ నొక్కవలసి రావడంతో, ఆ మీట పేరు రాసిన చీటీని ప్రతి యంత్రం మీదా అంటించాం. ఆ చీటీలు ఇంకా ఉన్నాయి, దయచేసి పీకవద్దు.

ఈ దశలోనే సంఘం వైపు నుంచి ఒక పెద్ద పొరపాటు జరిగింది. సి బ్లాకులోని ఒక సభ్యుని కంప్యూటరులో ఉన్న వ్యవస్థను అలాగే ఉంచి పక్కన లినక్స్ వేయవలసి ఉండగా, డిస్కు మొత్తం చెరిపివేసే ఎంపికను నేనే నొక్కాను. వారి అబ్బాయి అన్నప్రాశన ఫొటోలు డి డ్రైవ్‌లో మాత్రమే ఉన్నాయన్న సంగతి ఆ తరువాత తెలిసింది. వారు ఆ రోజు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అన్నా బాగుండేదనిపించింది. ఫొటోరెక్ అనే ప్రోగ్రాముతో రెండు రాత్రులు వెతికితే ఫొటోలు చాలావరకు తిరిగి వచ్చాయి గానీ, ఆ ప్రోగ్రాము పాత పేర్లను, ఫోల్డర్లను తిరిగి ఇవ్వలేదు కాబట్టి అన్నప్రాశన, ఆ మరుసటి ఏటి తిరుపతి ప్రయాణం, వంటగది టైల్సు కొనడానికి వెళ్లినప్పుడు తీసిన నమూనాలు అన్నీ అంకెల పేర్లతో కలగాపులగంగా వచ్చాయి. వాటిని వేరు చేసి తేదీల వారీగా సర్దింది ఆ ఇంటి అబ్బాయే. ఆ ఘటన తరువాత, ముందుగా వారం రోజులు పెన్‌డ్రైవ్ మీదే నడిపి చూడాలని, ఫైళ్లను బయటి డిస్కులోకి ఎక్కించి ఇంటివాళ్లు స్వయంగా తెరిచి చూసుకున్నాకే లోపల వేయాలని నియమం పెట్టుకున్నాం. పెన్‌డ్రైవ్ మీద నడిపినప్పుడు దాచుకున్నవి కంప్యూటరు ఆపగానే పోతాయన్న సంగతిని ముందే చెప్పకపోవడం వల్ల ఒక పాప గీసిన బొమ్మ పోయింది. అదీ మా లెక్కలోనే వేసుకోవాలి.

పిల్లలకు కంప్యూటరు ఇవ్వడానికి రెండే షరతులు పెట్టాం. అది హాల్లో, నలుగురూ తిరిగే చోట ఉండాలి. పిల్లలకు సొంత ఖాతా ఉండాలి, సాఫ్ట్‌వేర్ వేసే, తీసే పాస్‌వర్డు మాత్రం పెద్దవాళ్ల దగ్గర ఉండాలి. సమయానికి పరిమితి పెట్టే టైంకేపీఆర్ అనే ప్రోగ్రామును కోరినవారికి వేసి ఇచ్చాం గానీ, మొదటి నెల గడిచేసరికి సగం ఇళ్లలో దాన్ని తీసివేయమన్నారు, ఎందుకంటే అమ్మో నాన్నో పక్కన కూర్చునే ఇళ్లలో దాని అవసరం రాలేదు. ఇది మేము అనుకోని సంగతి. ఈ వ్యవస్థను వేసుకోవడానికి పిల్లల పేరు, ఈమెయిలు, ఫోను నంబరు ఎవరికీ ఇవ్వనవసరం లేకపోవడం తల్లిదండ్రులకు అన్నిటికంటే నచ్చిన విషయంగా కనబడింది.

చిన్నపిల్లలకు ఆటలతో నేర్పే జీకాంప్రీ, ఎక్కాలు నేర్చేవారికి పై నుంచి పడే ఉల్కలను లెక్క చెప్పి పేల్చే టక్స్‌మ్యాత్, అయిదో తరగతి దాటినవారికి ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో రూపొంది 2007లో విడుదలైన, దిమ్మెలు పేర్చినట్టు ప్రోగ్రాములు రాయడం నేర్పే స్క్రాచ్ వేశాం. వీటి గురించి విడిగా చెప్పవలసినది తక్కువ, పిల్లలు తమంతట తాము నేర్చుకున్నారు.

చెప్పవలసినది టక్స్‌పెయింట్ గురించి. 2002లో మొదలైన ఈ బొమ్మల ప్రోగ్రాములో ముద్రలు, అంటే కాగితం మీద స్టాంపు వేసినట్టు తెర మీద గుద్దే చిన్న బొమ్మలు ఉంటాయి. వాటిలో జంతువులు, పండ్లు, వాహనాలు ఎన్నో ఉన్నాయి. బతుకమ్మ రోజుల్లో నాలుగో తరగతి చదివే ఒక పాప బతుకమ్మ బొమ్మ వేయబోయి, తంగేడు లేదని, గునుగు లేదని, ఇదేం ప్రోగ్రామని విసుక్కుంది. మామూలుగా ఇలాంటి చోట పెద్దవాళ్లు "ఉన్నవాటితో వేయమ్మా" అంటారు. మాతో ఉన్న ఇంజినీరింగు విద్యార్థి ఒకరు అలా అనకుండా, "నువ్వే పెట్టు" అన్నారు.

ఆ పని ఎలా జరిగిందో కొంచెం దగ్గరగా చెబుతాను. గేటు దగ్గర పూలమ్మే ఆమె దగ్గర కొన్న గునుగు కంకిని తెల్ల కాగితం మీద పెట్టి ఫోనుతో ఫొటో తీశారు. ఫొటోలు సరిదిద్దే జింప్ అనే ప్రోగ్రాములో చుట్టూ ఉన్న తెలుపును తుడిచి పీఎన్‌జీ ఫైలుగా దాచారు. ఆ పాప నాయనమ్మ గారిని కూర్చోబెట్టి, గొంతు రికార్డు చేసే ఆడాసిటీ అనే ప్రోగ్రాములో "గునుగు" అని ఆమె గొంతుతో చెప్పించారు. మొదటిసారి ఆమె, "గునుగు పువ్వు బిడ్డా, గిదే" అన్నారు, పిల్లలు దాన్నే ఉంచేశారు. బొమ్మ, గొంతు, పేరు రాసిన చిన్న రాత ఫైలు, మూడింటికీ ఒకే పేరు పెట్టాలి. రాత ఫైలులో మొదటి వరుస ఇంగ్లీషు పేరు, దాని కింద తెలుగు భాష సంకేతంతో తెలుగు పేరు. ఆ మూడింటినీ హోం ఫోల్డరులో చుక్కతో మొదలయ్యే టక్స్‌పెయింట్ ఫోల్డరు లోపల, స్టాంప్స్ అనే ఫోల్డరులో పెట్టాలి. చుక్కతో మొదలయ్యే ఫోల్డర్లు మామూలుగా కనబడవు, కంట్రోలు పట్టి హెచ్ నొక్కితే బయటపడతాయి. ఆ పాపకు ఆ మీట రహస్య గది తలుపులా అనిపించింది, ఆ సాయంత్రం కనీసం ఇరవైసార్లు తెరిచి మూసింది. ప్రోగ్రామును మళ్లీ తెరిచేసరికి ముద్రల వరుసలో గునుగు వచ్చి కూర్చుంది, నొక్కగానే నాయనమ్మ గొంతు పలికింది.

ఓపెన్ సోర్స్ అంటే ఏమిటని అడిగిన సభ్యులకు నేను మొదట్లో 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన జీఎన్‌యూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు గురించి, 1991లో హెల్సింకీలో విద్యార్థిగా ఉండగా లైనస్ టోర్వాల్డ్స్ రాసిన లినక్స్ కెర్నల్ (వ్యవస్థకు గుండెలాంటి భాగం) గురించి చెప్పేవాణ్ణి. ఎవరూ పూర్తిగా వినలేదు, వారిదేం తప్పు లేదు. గునుగు ముద్ర తరువాత చెప్పనవసరం లేకపోయింది. ఇంగ్లీషులో ఈ సాఫ్ట్‌వేర్‌ను పిలిచే "ఫ్రీ" అన్న మాటకు ఉచితమనీ స్వేచ్ఛ అనీ రెండర్థాలు రావడంతో అక్కడ ఎప్పుడూ ఒక వివరణ జోడించవలసి వస్తుంది. మనకు రెండూ రెండు మాటలే. పిల్లలకు అక్కరకు వచ్చినది రెండోది. పండుగ ముగిసేలోగా తంగేడు, కట్ల, బంతి, చామంతి, గుమ్మడి పువ్వు కూడా చేరాయి. ఇప్పుడు ఆ ముద్రల ఫోల్డరును పెన్‌డ్రైవ్‌లో వేసి ఏ ఇంటికి కావాలంటే ఆ ఇంటికి ఇస్తున్నాం.

తెలుగు టైపింగు విషయంలో తల్లిదండ్రులకూ మాకూ అభిప్రాయభేదం వచ్చింది, ఇంకా తీరలేదు. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే ఆర్‌టీఎస్ పద్ధతిని పెద్దవాళ్లు కోరారు. లినక్స్‌లో అదీ ఉంది. మేము పిల్లలకు భారతీయ భాషల కోసం చేసిన ఇన్‌స్క్రిప్ట్ అనే మీటల అమరిక నేర్పాం. దానిలో అచ్చులూ గుణింతపు గుర్తులూ ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి వస్తాయి, అదే అమరిక హిందీకీ కన్నడానికీ కూడా పనికొస్తుంది. "అమ్మ" అని రాయడానికి షిఫ్టు పట్టి డి, ఆ తరువాత సి, డి, సి. మధ్యలో వచ్చే ఆ డి పొల్లు. ఒత్తు అంటే ముందు అక్షరానికి పొల్లు పెట్టి రెండోది చేర్చడమేనని వేళ్లతో తెలుసుకున్న పిల్లలు వత్తుల్లో తప్పులు తక్కువ చేస్తున్నారని నా అభిప్రాయం. ఇది గణాంకం కాదు, నోటీసు బోర్డు మీద వారు రాసి అంటించిన కాగితాలు చూసి చెబుతున్న మాట. ఆ కాగితాలలో కనబడే సురవరం, గిడుగు, మండలి ఫాంట్లు సిలికానాంధ్ర అందరికీ స్వేచ్ఛగా ఇచ్చినవి. గిడుగు అంటే ఎవరని ఒక పిల్లవాడు అడిగిన ప్రశ్నకు ఎ బ్లాకు తాతగారు గంటసేపు సమాధానం చెప్పారు.

బతుకమ్మ కంటే ముందు, సెప్టెంబరు 7 రాత్రి వచ్చిన సంపూర్ణ చంద్రగ్రహణాన్ని పిల్లలు వారం ముందే ఆకాశాన్ని తెర మీద చూపే స్టెల్లేరియం అనే ప్రోగ్రాములో చూశారు. ఊరు హైదరాబాదని పెట్టి, గడియారాన్ని ముందుకు తోసి, పదకొండు ప్రాంతంలో చంద్రుడు ఎర్రబడడం చూసి, ఆ రాత్రి మిద్దె మీదకు వెళ్లి సరిచూసుకున్నారు. గ్రహణం పట్టింపు ఉన్న పెద్దలు కిందే ఉండిపోయి, హాల్లో కంప్యూటరు తెర మీద చూశారు.

పనిచేయనివి కూడా చెప్పాలి. రెండు ఇళ్లలో ప్రింటర్లు ఎంత ప్రయత్నించినా పలకలేదు. స్టాల్‌మన్‌కు ఈ ఉద్యమపు ఆలోచన తట్టినదే ఎంఐటీలోని ఒక ప్రింటరు ప్రోగ్రాము మూలాన్ని (లోపలి రాతను) ఆయనకు ఇవ్వడానికి నిరాకరించినప్పుడని చెప్పి ఆ సభ్యులను ఓదార్చబోయాను గానీ ప్రయోజనం లేకపోయింది. ఒక అమ్మాయి లిబ్రెఆఫీస్ అనే రాతకోతల ప్రోగ్రాములో చేసిన స్కూలు ప్రాజెక్టు బడిలో తెరవగానే అక్షరాలు చెల్లాచెదురయ్యాయి, మార్కులు తగ్గాయి. అప్పటి నుంచి ఇచ్చే ప్రతిదాన్నీ పీడీఎఫ్‌గా మార్చి పంపమంటున్నాం. కొన్ని ఆటలు, నిఘాతో జరిగే కొన్ని ఆన్‌లైన్ పరీక్షలు దీనిపై నడవవు. వాటి కోసం పాత వ్యవస్థను పక్కన ఉంచుకున్నవారూ ఉన్నారు. సంఘం పాత తీర్మానాలను గతంలో డీటీపీ సెంటర్లో యూనికోడ్ (ఏ కంప్యూటరులోనైనా తెలుగు సరిగా కనబడే ప్రమాణం) కాని ఫాంట్లలో టైపు చేయించాం. అవి ఇప్పుడు పిచ్చిగీతల్లా తెరుచుకుంటున్నాయి. తొమ్మిదో తరగతి పిల్లలు ఇద్దరు వాటిని మళ్లీ కొడుతున్నారు, కాబట్టి 2011 నాటి పార్కింగు తగాదా వివరాలు వారికి ఇప్పుడు మనకంటే బాగా తెలుసు.

"ఇది నేర్చుకుంటే రేపు బడిలో, ఉద్యోగంలో పనికొస్తుందా?" అన్న ప్రశ్న ప్రతి సమావేశంలోనూ వచ్చింది. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో కంప్యూటరు పాఠాలు ఏళ్ల తరబడి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే సాగుతున్నాయని, మన హైదరాబాదులోనే స్వేచ్ఛ అనే సంస్థ తెలుగులో ఇదే పని చేస్తున్నదని సమాధానం చెప్పాను. అయితే నా అసలు ఉద్దేశం వేరు. పదేళ్ల పిల్లకు ఉద్యోగం గురించి ఇప్పుడు ఆలోచించనవసరం లేదు. తెర మీద ఉన్నది తనకు నచ్చకపోతే మార్చవచ్చునని తెలిస్తే ఈ ఏటికి చాలు. ఈ అభిప్రాయంతో విభేదించే సభ్యులు సమావేశంలో మాట్లాడవలసిందిగా కోరుతున్నాను.

వచ్చే ఏడాదికి కార్యవర్గం రెండు ప్రతిపాదనలు చేస్తోంది. మన ముద్రలను, వాటిలోని గొంతుల యజమానుల అనుమతితో, టక్స్‌పెయింట్ తయారీదారులకు పంపడం ఒకటి. కమ్యూనిటీ హాలులో ఆదివారం ఉదయం మరమ్మతు బల్ల ఏర్పాటు చేసి, స్క్రూడ్రైవరు పట్టే పని కూడా పిల్లలకే అప్పగించడం రెండోది. దీనికి కొత్తగా నిధులు అక్కరలేదు, మిగిలిన ర్యామ్ పట్టీలు ఇనుప బీరువాలో ఉన్నాయి.

చివరగా ఒక విన్నపం. ఇన్‌స్టలేషను కోసం సిద్ధం చేసిన నీలం రంగు పెన్‌డ్రైవ్ సంక్రాంతి తరువాత ఎవరి ఇంటికి వెళ్లిందో రిజిస్టరులో నమోదు కాలేదు. తీసుకెళ్లినవారు వాచ్‌మన్ గదిలో ఇస్తే సరిపోతుంది, పేరు అడగం.

ఇట్లు,
కార్యదర్శి