వయల్ మూత తియ్యకముందే ఇది చదువు

కాకినాడ

ఒరే సత్తిబాబూ,

ఉత్తరం అందింది. భీమవరంలో అంతా కులాసా అన్నావు, సంతోషం. బీసీఎల్-ఎక్స్‌ఎల్ అనే, కణం చావుని ఆపే ప్రొటీన్ 100 మైక్రోగ్రాములు ఆర్డరు పెట్టావట. రాగానే ల్యాబులో పెంచే హీలా కణాల మీద పోసి, కణాలని చంపే స్టారోస్పోరిన్ మందు ఇచ్చి, చావు ఆగుతుందో లేదో చూస్తానని రాశావు. ఆ ప్రయోగం మాత్రం చెయ్యకురా. ఆ ప్రొటీన్ పనంతా కణం లోపల, మైటోకాండ్రియా పైపొర మీద. కణాలు పెరిగే మీడియంలో పోస్తే 24 కిలోడాల్టన్ల ప్రొటీన్ కణపొర దాటి లోపలికి పోదు. కణాలు ఎలాగూ చస్తాయి, నువ్వేమో ప్రొటీన్ చెడ్డదని అమ్మినవాళ్ల మీద పడతావు. టాట్ పెప్టైడ్ తగిలించిన రకం వేరే ఉంది, అదైతే లోపలికి పోతుంది. నీది శుద్ధి చెయ్యడం కోసం తగిలించే మామూలు హిస్ ట్యాగ్‌ది. పైగా ఈ.కోలై బ్యాక్టీరియాలో తయారైన సరుకు. ఎండోటాక్సిన్ అనే బ్యాక్టీరియా విషం తీసేశామని సర్టిఫికెట్లో రాసి లేకపోతే బతికున్న కణాల దగ్గరికే తీసుకెళ్లకు.

సర్టిఫికెట్ తీశావు గనక ఇంకో రెండు చూడు. మొదటిది, పేరు చివర పెద్దక్షరం ఎల్ ఉందా అని. బీసీఎల్-ఎక్స్ అనే ఒకే జన్యువు నుంచి రెండు రకాలొస్తాయి. 233 అమినో ఆమ్లాల పొడుగుది కణాన్ని కాపాడుతుంది, పొట్టిది చావు వైపు తోస్తుంది. ఇది 1993లోనే తేలింది. రెండోది, తోక ఉందా లేదా. చివరనున్న 20 పైచిలుకు అమినో ఆమ్లాలు నూనె గుణంవి, పొరలో దిగబడేవి అవే. వాటితో కలిపి తయారుచేస్తే బ్యాక్టీరియాలో ప్రొటీన్ కరక్కుండా గడ్డకడుతుంది కాబట్టి అమ్మేవాళ్లు సాధారణంగా తోక కోసేసి ఇస్తారు. తోక లేనిది పెప్టైడ్‌ని, అంటే చిన్న ప్రొటీన్ ముక్కని, పట్టుకోవడం చూడ్డానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. మైటోకాండ్రియా ప్రయోగంలో మాత్రం బలహీనం. అందుకే నీ వయల్‌తో ముందు పెప్టైడ్ ప్రయోగమే చెయ్యమంటాను.

ఇక తెరవడం. మన గోదారి జిల్లాల్లో గాలి నిండా తేమే. ఫ్రీజర్లోంచి తీసిన వయల్‌ని వెంటనే తెరిస్తే పొడి మీద చెమ్మ పడుతుంది. మూత తియ్యకుండా తేమ పీల్చే డెసికేటర్లో ఓ 20 నిమిషాలు ఉంచి గది వేడికి రానివ్వు. తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో అర నిమిషం తిప్పు. పొడి మూతకి అంటుకుని ఉంటుంది, తిప్పకుండా తీస్తే సగం మూతతోనే పోతుంది. పొడిని పీబీఎస్‌ అనే ఉప్పు ద్రావణంలోంచి ఆరబెట్టి ఉంటే స్టెరైల్ నీళ్లే పొయ్యి. మళ్లీ పీబీఎస్ పోస్తే ఉప్పు రెట్టింపవుతుంది. సరిగ్గా 100 మైక్రోలీటర్లు గోడ వెంట జారవిడిచి, 15 నిమిషాలు ఐసు మీద వదిలెయ్యి. మజ్జిగ చిలికినట్టు చిలకొద్దు, వోర్టెక్స్ యంత్రం మీద ఆడించడం అసలే వద్దు, నురగ వచ్చిందంటే అంత ప్రొటీనూ మడత విప్పుకున్నట్టే. వేళ్లతో నిమ్మళంగా దొర్లిస్తే చాలు. ఆనక 4 డిగ్రీల దగ్గర 15,000 జీతో 10 నిమిషాలు తిప్పి, పైనున్న ద్రవాన్ని కొత్త ట్యూబులోకి తీసుకుని 280 నానోమీటర్ల కాంతి దగ్గర ఎంత ప్రొటీన్ ఉందో కొలువు. లేబుల్ మీది అంకెని నమ్మి లెక్కలు వెయ్యకు. అంతా కరిగితే మిల్లీలీటరుకి ఒక మిల్లీగ్రాము, అంటే దాదాపు 42 మైక్రోమోలార్.

వెంటనే పదేసి మైక్రోలీటర్లు విడివిడి ట్యూబుల్లో పంచి, ద్రవ నత్రజనిలో ముంచి, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లో పెట్టు. మీ కాలేజీలో నత్రజని లేదన్నావుగా. గేదెల కృత్రిమ గర్భధారణకి వీర్యం స్ట్రాలు దాచే క్యాను పశువుల ఆసుపత్రిలో ఉంటుంది. అడిగి ఒక్క ఫ్లాస్కు తెచ్చుకో. మంచు దానంతటదే కరిగించుకునే ఇంటి ఫ్రిజ్ వాడొద్దు, అది రోజూ కాస్త వేడెక్కి చల్లబడుతుంది, ప్రొటీన్ పాడైపోతుంది. తుపాను రోజుల్లో కరెంటు పోతే మైనస్ 80 తలుపు తెరవకు. ఖాళీ అరల్లో ముందే ఐస్ ప్యాకులు కుక్కి ఉంచితే చల్లదనం గంటల తరబడి నిలుస్తుంది.

ఇప్పుడు చాలామంది పట్టించుకోని సంగతి ఒకటి, బఫరు, అంటే పీహెచ్‌ని నిలబెట్టే ద్రావణం. ఈ ప్రొటీన్‌లో 52, 66 స్థానాల్లో ఆస్పరాజీన్ అనే అమినో ఆమ్లాలున్నాయి. పీహెచ్ పెరిగి, వేడి తగిలితే అవి అమైడ్ పోగొట్టుకుని ఆమ్లాలుగా మారతాయి, జెల్ మీద ప్రొటీన్ కదలికే మారిపోతుంది. ప్రొటీన్లని సైజు ప్రకారం విడదీసే ఆ జెల్ మీద ఒక బ్యాండు బదులు దగ్గర దగ్గరగా రెండు మూడు కనిపిస్తే ముందు దీన్నే అనుమానించు. ట్రిస్ బఫరు చల్లబడే కొద్దీ పీహెచ్ పెరుగుతుంది, డిగ్రీకి దాదాపు 0.03. మే నెలలో ఏసీ లేని గదిలో, 35 డిగ్రీల ఎండలో 8.0కి సరిచేసిన ట్రిస్ 4 డిగ్రీలకి వెళ్లేసరికి 8.8 దాటుతుంది. నువ్వు సీసా మీద 8.0 అనే రాసుకుంటావు! పీహెచ్ 7.4 హెపీస్ బఫరు వాడు, ఈ గొడవ సగం తగ్గుతుంది. ప్రొటీన్ ఆక్సీకరణ చెందకుండా 1 మిల్లీమోలార్ డీటీటీ ఏ రోజుకారోజు తాజాగా కలుపు. ట్రైటాన్ లాంటి డిటర్జెంట్లు కలపకు, ఈ కుటుంబం ప్రొటీన్ల ఆకారాన్నే అవి మార్చేస్తాయి.

పెప్టైడ్ ప్రయోగానికి ఫ్లోరెసీన్ అనే మెరిసే రంగు అంటించిన బీహెచ్3 పెప్టైడ్ కావాలి, నీ ప్రొటీన్ పట్టుకునేది ఆ ముక్కనే. చావు వైపు తోసే బాక్ ప్రొటీన్ నుంచి తీసిన 16 అమినో ఆమ్లాల ముక్క 0.34 మైక్రోమోలార్ బలంతో పట్టుకుంటుంది (ఈ అంకె ఎంత తగ్గితే పట్టు అంత గట్టి). ప్రొటీన్ పెంచుతూ గీసే దాని పట్టు వంపు పూర్తిగా గియ్యాలంటే ప్రొటీన్ 10 మైక్రోమోలార్ దాకా పోవాలి. ప్లేటులో 100 మైక్రోలీటర్ల గుంటకి 24 మైక్రోగ్రాములు, మూడు గుంటలకి 72. వంపు మీద ఒక్క చుక్క గుర్తు పెట్టడానికి ముప్పావు వయల్ ఖర్చన్నమాట! బాడ్ ప్రొటీన్‌ది 25 అమినో ఆమ్లాల పెప్టైడ్ కొను. అది వందల రెట్లు గట్టిగా పట్టుకుంటుంది, 1 మైక్రోమోలార్ ప్రొటీన్‌తో వంపు పైకొచ్చి చదునవుతుంది, మూడు గుంటలకీ కలిపి 7.2 మైక్రోగ్రాములకి మించి పట్టదు. ఒక్క జాగ్రత్త, పట్టు అంత గట్టిదైనప్పుడు 10 నానోమోలార్ పెప్టైడ్ వేస్తే నీకొచ్చేది పట్టు బలం కాదు, ప్రొటీన్‌లో పనిచేసే భాగమెంతో ఆ లెక్క. నిజానికి మొదటిసారి నీక్కావలసింది అదే.

పలచన చేసిన ప్రొటీన్ ప్లాస్టిక్‌కి అంటుకుపోతుంది. తక్కువ అంటుకునే ట్యూబులు వాడు, బోవైన్ గామా గ్లోబ్యులిన్ మిల్లీలీటరుకి 0.1 మిల్లీగ్రాము కలుపు. నల్ల ప్లేటు, డీఎమ్‌ఎస్‌ఓ ద్రావకం 1 శాతం లోపు. పోలికకి బాక్ పెప్టైడ్‌లో 78వ లూసీన్‌ని అలానిన్‌గా మార్చింది ఒకటి చేయించు. అది పట్టుకోకూడదు. పట్టుకుందంటే నువ్వు చూస్తున్నది గడ్డలకి అతుక్కోవడమే.

మైటోకాండ్రియా ప్రయోగం, అంటే మైటోకాండ్రియాలోంచి సైటోక్రోమ్ సి అనే ప్రొటీన్ బయటికి కారడాన్ని ఇది ఆపుతుందా అని చూడ్డం, తర్వాతి మాట, తోక ఉన్న ప్రొటీన్ దొరికితేనే. ఎలుక కాలేయానికి జంతు నైతిక కమిటీ అనుమతి ముందే పెట్టుకో, అది ఆలస్యమవుతుంది. తీసిన మైటోకాండ్రియాని గడ్డకట్టించకు, అదే రోజు వాడు. సైటోక్రోమ్ సి 12 కిలోడాల్టన్ల చిన్నది, 15 శాతం జెల్, దాన్ని దించుకోడానికి 0.2 మైక్రాన్ రంధ్రాల పొర తీసుకో. 0.45 పొరైతే దాంట్లోంచి దూరి పోతుంది, నువ్వేమో ప్రొటీన్ చావుని ఆపేసిందని సంబరపడతావు.

వయల్ కరిగించిన రోజే 2 మైక్రోగ్రాములు జెల్ మీద వేసి ఫోటో పంపు. అది చూశాక పెప్టైడ్ ఆర్డరు పెట్టు.

నీ
సూరిబాబు