డ్రైవ్-ఇన్ ముచ్చట సరే, ఉన్న హాళ్ల సంగతేమిటి?

సంపాదకుడు గారికి,

కడప శివార్లలో డ్రైవ్-ఇన్ సినిమాహాలు పెడితే పర్యాటకం పెరుగుతుందని ఒక అధికారి చెప్పినట్టు ఈమధ్య మీ జిల్లా పేజీలో వచ్చిన కథనం చదివాను. కార్లలో కూర్చుని సినిమా చూసే ఈ ఏర్పాటు 1933లో అమెరికాలోని న్యూజెర్సీలో మొదలై, 1950ల చివరికి దాదాపు నాలుగు వేల హాళ్లకు పెరిగి, ఇంటింటికీ టీవీలు రావడంతో, శివారు భూములకు రేట్లు రావడంతో, చీకటి పడితే తప్ప బొమ్మ వేసే వీలు లేకపోవడంతో ఒకటొకటిగా చాలావరకు మూతపడింది. ముంబయి బాంద్రాలో 1977లో తెరిచినదీ 2003లో మూసేశారు. రోజుకు నాలుగు ఆటలు వేసినా కరెంటు బిల్లుకైనా డబ్బులు రాని మన ఊళ్లో, ఎకరాల స్థలంలో రాత్రిపూట ఒకటి రెండు ఆటలతో ఎవరు నెట్టుకొస్తారో ఆ కథనంలో లేదు. మే నెలలో ఇక్కడ రాత్రి ఎనిమిదికైనా ఏసీ లేకుండా కారులో కూర్చోలేమన్నది ఆ అధికారికి తట్టకపోవచ్చు. ఆయన కారుకు డీజిలు ప్రభుత్వమే పోయిస్తుంది.

టూరింగ్ టాకీసుల కాలంలో డేరా కింద ఇసుకలో కూర్చుని, ఉన్నది ఒక్కటే ప్రొజెక్టరు కావడంతో రీలు మార్చినప్పుడల్లా ఆట ఆగినా ఓపికగా చూసిన జిల్లా ఇది. ఫాల్కే పురస్కారం పొందిన బి.ఎన్.రెడ్డి, నాగిరెడ్డి సోదరులను కన్న జిల్లా కూడా. అలాంటి చోట పాత హాళ్లు కొన్ని కల్యాణమండపాలయ్యాయి, కొన్ని గోడౌన్లయ్యాయి. మిగిలిన వాటిలో ఆడవాళ్లు మరుగుదొడ్డికి వెళ్లలేక ఇంటర్వెల్ అంతా సీట్లోనే కూర్చుంటున్నారు. చిరిగిన సీట్లకూ, ఎలుకలకూ, టికెట్టుతో పోటీపడే పార్కింగ్ రుసుముకూ అలవాటు పడిపోయాం.

యజమానులది తప్పు లేదని అనను. అయితే 2021 ఏప్రిల్‌లో పల్లెల్లో కనీస టికెట్టు 5 రూపాయలని జీవో ఇచ్చి, ఏడాది తిరక్కముందే 20 రూపాయలు చేసిన ప్రభుత్వాన్ని నమ్మి హాలుకు సున్నం వేయించేదెవరు? ధర ఎంతని రోజూ వాదించుకున్న పెద్దలు, ఆ ధరకు ప్రేక్షకుడికి ఏం దక్కుతుందన్నది మాత్రం ఒక్కనాడూ అడగలేదు. లైసెన్సు రెన్యువల్‌కు ముందు తనిఖీలు చేయాలన్న నిబంధన ఉండనే ఉంది. ఆ తనిఖీకి వచ్చినవారు బాల్కనీలో కూర్చుని కూల్‌డ్రింకు తాగి వెళ్లిపోతే రెన్యువల్ అయిపోతోంది.

డ్రైవ్-ఇన్ కోసం స్థలం వెతికే ముందు, జిల్లాలో ఇప్పుడు నడుస్తున్న హాళ్ల చివరి తనిఖీ నివేదికలను, వాటిలో మరుగుదొడ్ల గురించి, అగ్నిమాపక ఏర్పాట్ల గురించి ఏం రాశారో సహా, మీ పత్రికకు ఇవ్వమని జిల్లా యంత్రాంగాన్ని కోరుతున్నాను. ఇస్తే దయచేసి పూర్తిగా అచ్చువేయండి.

– ఒక పాత ప్రేక్షకుడు, కడప