పేను కడుపులో దేవుడి వేలు

సంపాదకులకు,

పాతకాలపు ప్రకృతి పరిశీలకుల మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. బాగుంది. కానీ పురుగుల్ని కోసి లోపలి నిర్మాణం చూసిన ఆమ్‌స్టర్‌డామ్‌వాడు యాన్ స్వామర్‌డామ్‌ని (1637–1680) భక్తి ముదిరి సైన్సు వదిలేసినవాడిగా ఒక్క ముక్కలో తేల్చేయడం నాకు మింగుడు పడలేదు. ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలతో బొద్దింకలు కోయించినవాణ్ణి. ఆ పనిలో ఉన్న కష్టం నాకు తెలుసు.

మైనపు ట్రేలో నీళ్లు పోసి, బొద్దింకని పిన్నులతో గుచ్చి, నెమ్మదిగా విప్పితే లాలాజల గ్రంథులు తెల్లటి గుత్తుల్లా నీళ్లలో తేలతాయి. సూది కాస్త జారిందా, అంతే, తెగిపోతాయి. ఇరవై మందిలో నలుగురికి చెక్కు చెదరకుండా వస్తే ఆ రోజు ల్యాబ్‌లో పండగే. బొద్దింకతోనే మాకింత టెన్షన్. స్వామర్‌డామ్ కోసింది పేనుని! ఆయన కత్తెరలకు పదును పెట్టాలన్నా భూతద్దం కావలసి వచ్చేదట. అంత సన్నవి. కొవ్వు కరగడానికి టర్పెంటైన్ వాడేవాడు. సన్నటి గాజు గొట్టాలతో పురుగుల లోపలి నాళాల్లోకి గాలో రంగో ఎక్కించేవాడు.

అరిస్టాటిల్ కాలం నుంచీ తేనెపట్టుకి రాజు ఉంటాడనే చెప్పుకున్నారు. ఈయన ఆ 'రాజు' పొట్ట విప్పి అండాశయాలు చూపించాడు.

ఇక భక్తి సంగతి. 1675లో, ఒక్కపూట బతికే ఓ ఈగ మీద ఆయన వేసిన పుస్తకంలో శరీర నిర్మాణం కంటే దైవస్తుతే ఎక్కువ కనిపిస్తుంది. అదే ఏడాది ఆంట్వానెట్ బూరిన్యోఁ అనే భక్తురాలి దగ్గరికి వెళ్లిపోయిన మాటా నిజమే. మీ వ్యాసం అక్కడితో ఆగింది. మరుసటి ఏడాదే ఆయన తిరిగొచ్చాడు. ఫ్రాన్సులోని స్నేహితుడు తెవెనోకి, ఇదిగో పేను శరీర నిర్మాణంలో సర్వశక్తిమంతుడైన దేవుడి వేలు చూడండి అని రాసింది 1678లో. అంటే వదిలేశాడన్నాక మూడేళ్లకి! తామరపువ్వులో దేవుణ్ణి ఎవరైనా చూస్తారు. తలలో పేనుని చూసి చేతులు జోడించినవాడు ఈయనే.

అలాగని భక్తి ఆయన చూపుని ఎక్కడా వంచలేదని నేననను. గూడు కట్టబోయే గొంగళిపురుగు చర్మం ఒలిస్తే, లోపల సీతాకోకచిలుక రెక్కలూ కాళ్లూ మడతలు పడి కనిపించాయి. అంతవరకూ కచ్చితం. కానీ దాన్ని పట్టుకుని, ఏ జీవీ కొత్తగా తయారు కాదనీ, మనుషులంతా మొదటి తల్లి గర్భంలోనే అమరి ఉన్నారనీ దాకా వెళ్లిపోయాడు. అది తప్పు. వ్యాసకర్త తప్పు పట్టాలనుకుంటే పట్టవలసింది అక్కడ.

ఆయన 43 ఏళ్లకే పోయాడు. రాతప్రతులు చేతులు మారి చివరికి బూర్‌హావె అనే వైద్యుడికి దొరికాయి. 1737–38లో, అంటే చనిపోయిన 57 ఏళ్లకి, 'ప్రకృతి బైబిల్' పేరుతో అచ్చయ్యాయి. అందులో పేను బొమ్మలున్నాయి. వచ్చే ఆదివారం కాస్త చోటుంటే వాటిలో ఒకటి వేయండి, చిన్నదిగా కాదు, సగం పేజీకి తగ్గకుండా.

— ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరర్