పేరు వద్దన్న ఆశా అక్కకు

ఉదయగిరి మండలంలో మా ఊరి టీబీ రోగుల ఇళ్లవాళ్లందరి తరఫున ఆ అక్కకు కృతజ్ఞతలు. పేరు రాయొద్దంది, రాయట్లేదు. టీబీ పరీక్షకు డబ్బాలో పట్టాల్సింది ఉమ్మి కాదు, లోపల్నుంచి గట్టిగా దగ్గితే వచ్చే తెమడ అని మాకు నేర్పింది ఆ అక్కే. రెండు శాంపిళ్లలో ఒకటి పొద్దున లేవగానే తీయాలి. ఉత్త ఉమ్మి పంపితే జబ్బున్నా నెగటివ్ రావచ్చు. మాత్రలు మొదలెట్టాక మూత్రం ఎర్రగా వస్తే రక్తమనుకుని జడుసుకుంటారు. అది రిఫాంపిసిన్ అనే టీబీ మందు రంగేనని ముందే చెప్పిపెట్టింది. రెండో నెలకి ఒళ్లు తేలికపడి మందులాపేద్దామనే వాళ్లతో 6 నెలలూ మింగించింది, తిట్లు తిని మరీ. టీబీ రోగుల తిండికి ప్రభుత్వం ఇచ్చే నిక్షయ్ పోషణ్ కింద నెలకు 1000 రూపాయలు పడకపోతే, ఖాతాకు ఆధార్ లింకైందో లేదో ముందు బ్యాంకులో అడగమంది.