ఆదివాసుల బొమ్మ కొనేటప్పుడు ఆ డబ్బు ఎవరికి చేరుతుందో అడగాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఆస్ట్రేలియాలో స్థిరపడిన పిల్లల దగ్గరికి వచ్చే మన పెద్దలు తిరుగు ప్రయాణంలో బంధువులకని చుక్కల బొమ్మలు వేసిన బూమరాంగ్‌లు, పళ్లేలు, సంచులు కొనుక్కెళ్తుంటారు. అవి అక్కడి అబోరిజినల్ ఆదివాసులు చేసినవేనని నమ్మి మరీ కొంటారు. కానీ ఇలాంటి జ్ఞాపికల మీద జనం పెట్టే ఖర్చులో సగానికి మించి నకిలీ సరుకుకే పోతోందని ఆ దేశపు ప్రభుత్వ సలహా సంస్థ ప్రొడక్టివిటీ కమిషన్ 2022లో తేల్చింది. ఇండోనేషియాలో చేయించిన బూమరాంగ్‌లు, డిజెరిడూలనే ఊదే వాద్యాల మీద ‘చేతితో రంగులు వేసినది’, ‘ఆస్ట్రేలియా’ అని చీటీలు అంటించి, రెండేళ్ల పైచిలుకు కాలంలో 18,000కు పైగా వస్తువులు అమ్మిన ఒక టోకు వ్యాపార సంస్థకు 2019లో ఫెడరల్ కోర్టు 23 లక్షల డాలర్ల జరిమానా విధించింది. వాటిని చేసింది ఆదివాసులు కానే కాదు.

అసలు సరుకు దొరికే చోట్లు లేక కాదు. ఎడారి ఊళ్లలో ఆదివాసులే యజమానులుగా నడుపుకునే ఆర్ట్ సెంటర్లు ఉన్నాయి. కాన్వాసు, రంగులు అవే సమకూరుస్తాయి, పూర్తయిన చిత్రాన్ని నగరంలోని గ్యాలరీకి పంపుతాయి. గ్యాలరీ అమ్మకం జరిగాక తన వాటా పట్టుకుని మిగతాది సెంటర్‌కు పంపితే, అక్కడి నుంచి చిత్రకారుడికి అందుతుంది. ఇలా నడిచే గ్యాలరీలో చిత్రంతో పాటు ఒక కాగితం ఇస్తారు. చిత్రకారుడి పేరు, ఊరు, ఆ బొమ్మ చెప్పే కథ, సెంటర్ ఇచ్చిన నంబరు అందులో ఉంటాయి, అదే నంబరు కాన్వాసు వెనక కూడా రాసి ఉంటుంది.

ఆ డబ్బు ఊరికి ఎంత మేలు చేయగలదో పపున్యా టూలా కళాకారులు చూపించారు. 1972లో చిత్రకారులే పెట్టుకున్న సంస్థ అది. నడి ఆస్ట్రేలియాలోని ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణానికి 500 కిలోమీటర్లకు పైగా పడమరన ఉన్న కింటోర్‌లో మూత్రపిండాలు పాడైన పెద్దలు డయాలసిస్ కోసం ఊరూ వాడా వదిలి పట్నంలో ఉండిపోవలసి వచ్చేది, అయినవాళ్లు దగ్గర లేకుండానే అక్కడ కన్నుమూసేవారు. అప్పుడు ఆ సంస్థకు చెందిన కింటోర్, కివిర్‌కురా ఊళ్ల చిత్రకారులు కలిసి నాలుగు పెద్ద చిత్రాలు వేశారు. 2000 నవంబరులో సిడ్నీలో జరిగిన వేలంలో విరాళాలతో కలిపి పది లక్షల డాలర్లకు పైగా వచ్చాయి. ఆ సొమ్ముతో సొంత ఊళ్లోనే డయాలసిస్ మొదలైంది, ఇవాళ అదే సేవ ‘పర్పుల్ హౌస్’ పేరుతో ఎన్నో మారుమూల ఊళ్లలో నడుస్తోంది. డయాలసిస్ కోసం ఉద్దానం కుటుంబాలు పడ్డ అగచాట్లు తెలిసిన మనకు దీని విలువ వేరే చెప్పనక్కర్లేదు.

దీనికి పూర్తిగా భిన్నమైన కథ కూడా ఉంది. ఆదివాసీ చిత్రకారుడు క్లిఫర్డ్ పాసమ్ జపల్‌జారి 1977లో వేసిన ‘వార్లుగులాంగ్’ అనే చిత్రాన్ని ఒక బ్యాంకు 1,200 డాలర్లకు కొన్నది. అదే చిత్రం 2007 వేలంలో 24 లక్షల డాలర్లు పలికింది. అప్పటికి చిత్రకారుడు చనిపోయి అయిదేళ్లు, కుటుంబానికి వాటా ఇప్పించే చట్టమేదీ లేదు. మళ్లీ అమ్మినప్పుడు చిత్రకారుడికి అయిదు శాతం దక్కాలన్న చట్టం 2010లో గాని అమల్లోకి రాలేదు. కళాకారులతో న్యాయంగా వ్యవహరిస్తామని గ్యాలరీలు సంతకం చేసే నియమావళి ఒకటి ఉంది గాని, చేరడం చేరకపోవడం వాటి ఇష్టం. దాన్ని అందరికీ తప్పనిసరి చేయాలని నా గట్టి అభిప్రాయం. అక్కడ ఓటు హక్కున్న తెలుగువారు తమ ఎంపీలను ఈ మాట అడగాలి.

ఈలోగా కొనేవాళ్లం చేయగలిగింది చాలా ఉంది. ఎవరు వేశారు, ఏ ఊరు, ఏ ఆర్ట్ సెంటర్ నుంచి వచ్చింది, అమ్మిన ధరలో చిత్రకారుడికి ఎంత వెళ్తుంది అని దుకాణంలో నిలబడి అడగడానికి మొహమాటపడకూడదు. సరిగ్గా నడిపే గ్యాలరీ వాళ్లు ఈ ప్రశ్నలకు సంతోషంగా బదులిస్తారు. నీళ్లు నమిలే చోట కొనకుండా వచ్చేయడమే మంచిది. ముఖ్యంగా అక్కడి తెలుగు సంఘాలు ఉగాది, సంక్రాంతి వేడుకలకు వచ్చే అతిథులకు ఇచ్చే జ్ఞాపికలను ఆర్ట్ సెంటర్ల నుంచి గాని, వాటితో నేరుగా లావాదేవీలున్న గ్యాలరీల నుంచి గాని తెప్పించుకోవాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ధర కాస్త ఎక్కువైతే జ్ఞాపికల సంఖ్య తగ్గించుకోవచ్చు.

ఇట్లు,
మీ పాఠకుడు
సిడ్నీ