నీళ్లు చూపించాకే లేఅవుట్‌కు అనుమతివ్వండి

బెంగళూరు అభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం. బెంగళూరును ఆనుకుని ఉన్న ఆనేకల్ తాలూకాలో తరతరాలుగా తెలుగు మాట్లాడుతూ రాగి పండించుకునే కుటుంబాల్లో మాదీ ఒకటి. ఇదే లేఖను కన్నడలో మీ కార్యాలయానికి పంపాను. ఈ వైపు సైట్లు, ఫ్లాట్లు కొంటున్నవాళ్లలో మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లకూ తెలియాలని ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

ఊరు పెరగకూడదని నేను అడగడం లేదు. పొలాలు అమ్మింది మావాళ్లే, ఆ డబ్బుతోనే పిల్లల్ని చదివించుకున్నారు. ముందు ఇళ్లు, నీళ్ల సంగతి తర్వాత అనే పద్ధతి మీదే నా గొడవంతా.

2007లో 110 గ్రామాలను బెంగళూరు మహానగర పాలికెలో కలిపారు. వాటికి నీళ్లివ్వడానికి తలపెట్టిన కావేరి ఐదో దశ తాగునీటి పథకం 2024 అక్టోబరులో గానీ ప్రారంభం కాలేదు. 17 ఏళ్లు! అన్నాళ్లూ అక్కడివాళ్లు బోర్లతో, ట్యాంకర్లతో నెట్టుకొచ్చారు. 2024 వేసవిలో ఎన్నో బోర్లు ఎండిపోయి, డబ్బిస్తామన్నా ట్యాంకరు దొరకని రోజులొచ్చాయి. ఇప్పుడు నగరం అంచు మా ఊళ్లకు జరిగింది. నాలుగు వీధులను చూసుకోవడానికి ఏర్పడ్డ పంచాయతీ, ఊరికి మించిన జనం ఉండే అపార్ట్‌మెంట్లకు నీళ్లెక్కడి నుంచి తెస్తుంది? అందరూ ఇంకాస్త లోతుకు బోరు వేస్తారు, పక్క రైతు బోరు ఆగిపోతుంది.

చెరువుల సంగతి ఇంకా ముఖ్యం. మావి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు అలుగు పారితే ఆ నీళ్లు రాజకాలువ గుండా కింది చెరువుకు చేరతాయి. ఏడాదిలో చాలా నెలలు కాలువ ఎండి, గడ్డి మొలిచి ఉంటుంది. తెలియనివాళ్లకది ఖాళీ జాగాలా కనిపిస్తుంది. దాన్ని పూడ్చి రోడ్డు వేస్తారు, సైట్లు కొడతారు. 2022 సెప్టెంబరు వానలకు సర్జాపుర రోడ్డు పక్క ఖరీదైన విల్లాల్లోని జనాన్ని ట్రాక్టర్లలో, పడవల్లో బయటికి తీసుకురావాల్సి వచ్చింది. జీవితకాలం ఈఎంఐ కట్టే కుటుంబానికి తమ ఇల్లు కాలువ మీద ఉందని వాన పడ్డాక తెలియడం ఎంత అన్యాయం! మురుగు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, నగరపు మురుగు చేరిన బెళ్లందూరు చెరువులో మంటలు లేవడం దేశమంతా చూసింది.

అందుకే అడుగుతున్నాను. నీళ్లు ఎక్కడి నుంచి, రోజుకు ఎన్ని వస్తాయో రాతపూర్వకంగా చూపించనిదే ఏ లేఅవుట్‌కూ అనుమతి ఇవ్వకండి. బోరును అందులో లెక్కలోకి తీసుకోకండి. పాత గ్రామ నక్షా ప్రకారం రాజకాలువలు కొలిపించి, సైట్లు అమ్మకముందే హద్దురాళ్లు పాతించండి. మురుగు శుద్ధి యంత్రం నడుస్తోందని తేలాకే తాళాలు అప్పగించనివ్వండి. ఇవన్నీ పాటిస్తే సైటు ధర పెరుగుతుందని బిల్డర్లు అంటారు. పెరగనివ్వండి సార్, ఇప్పుడు ఆ తేడాను కొన్నవాళ్లు ట్యాంకర్లకు నెలనెలా కడుతూనే ఉన్నారు.

ఇక చివరి మాట. ప్రతి కొత్త లేఅవుట్ నక్షానూ అనుమతికి ముందు గ్రామసభలో పరిచి చూపించమని ఆదేశాలివ్వండి. కాలువ ఎటు పారుతుందో మా పెద్దవాళ్లు వేలు పెట్టి చూపిస్తారు.

ఇట్లు,
ఆనేకల్ తాలూకా రైతు బిడ్డ